ఒక్క ముఖం కోసం జంగ్లీఘాట్‌లో మూడు ఉదయాలు

పెళ్ళిళ్ళ సీజన్ ముగిసేసరికి నా ఒళ్ళు హూనమైపోతుంది. ఇరవై రెండేళ్ళుగా రాజమండ్రి చుట్టుపక్కల పెళ్ళి ఫొటోలు తీసి బతుకుతున్నాను. ఈ ఏడాది ఆఖరి పెళ్ళిలో తలంబ్రాల దగ్గర నిలబడి, కెమెరాలోంచి పెళ్ళికూతురి ముఖం చూస్తుంటే, నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చినంత పనైంది. సంతోషంతో కాదు. ఇంకొక్క ముఖం చూసే ఓపిక లేక. ఇంటికొచ్చి మా ఆవిడతో, “ఒక వారం మనిషి ముఖం తీయనక్కర్లేని చోటికి పోయి చెట్టూ చేమా సముద్రం తీసుకుంటాను” అన్నాను. “వెళ్ళండి వెళ్ళండి, ఇక్కడున్నా ఆ మూతి అలాగే ఉంటుంది” అంది. మా అండమాన్ ప్రయాణానికి ముహూర్తం అలా కుదిరింది. మా అంటే నేనూ, నా పాత డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరా, రెండు లెన్సులూను.

రాత్రి రైల్లో చెన్నై చేరి, పొద్దున విమానం ఎక్కితే రెండు గంటల పైచిలుకులో పోర్ట్ బ్లెయిర్. ఇప్పుడు బోర్డుల మీద శ్రీ విజయపురం అని ఉంటుంది గానీ ఆటోవాళ్ళ నోట్లో ఇంకా పాత పేరే. విమానాశ్రయం నుంచి డైరీ ఫార్మ్ అనే పేటకి నూట యాభై అడిగాడు. బేరమాడే ఓపిక నాకు లేదు, ఎక్కేశాను. ఫోన్‌లో మా ఆవిడతో మాట్లాడుతుంటే డ్రైవరు అద్దంలోంచి చూసి నవ్వాడు. “తెలుగా భయ్యా? మేం భీ తెలుగే. మా తాత శ్రీకాకుళం సైడ్ నుంచి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను, ఆస్టినాబాద్‌లో ఇల్లు. మాట్లాడతాను బాగానే, లేకిన్ చదవడం నహీ ఆతా.” ఇంత దూరం వచ్చినా మనవాళ్ళేనా అనుకుని సీటులో వెనక్కి వాలాను. మామూలప్పుడైతే సంతోషించేవాణ్ణి.

నేను దిగినచోటు సత్యవతి గారి మేడ మీద గది. నలభై ఏళ్ళావిడ. కింద చిన్న మెస్ నడుపుతుంది, పొద్దున ఇడ్లీ పూరీ, మధ్యాహ్నం అన్నం చేపల పులుసు. గదికి రోజుకు తొమ్మిది వందలు, పొద్దుటి టిఫిను అందులోనే. భర్తకి ఓడ మీద ఉద్యోగం, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. ఇంట్లో ఉండేది ఆవిడా, వాళ్ళ నాన్న నూకరాజు గారూ. ఆయన పన్నెండేళ్ళప్పుడు శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి ఇక్కడికొచ్చి, అరవై ఆరేళ్ళొచ్చినా ఇంకా రోజూ తెల్లారకముందే సొంత పడవ మీద ఒక్కడే చేపలకి వెళ్తాడు. నేను వెళ్ళేసరికి వాకిట్లో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నీడలో కూడా నల్ల కళ్ళద్దాలు పెట్టుకునే ఉన్నాడు. “ఏటి బాబూ, సినిమావోల్లా?” అని నా సంచీ చూసి అడిగాడు. కాదన్నాను.

గదిలో సంచీ దించానో లేదో సత్యవతి గారు పైకి వచ్చేసింది. చేతిలో రెండు ఫొటోలు. ఒకటి గుర్తింపు కార్డు మీది బొమ్మ. అందులో టోపీ కింద నల్లటి మచ్చ తప్ప ముఖం అనేది లేదు. రెండోది స్టూడియోలో తీయించినది. అందులో ఆయన్ని పాలమీగడలా తెల్లగా చేసి, ముడతలన్నీ తుడిచేసి, కనుబొమ్మలు కూడా దిద్దిపెట్టారు. “భయ్యా, ఇది మా నాన్నా? ఎవరో బ్యాంక్ మేనేజర్ లాగా ఉన్నాడు. మా నాన్నది ఒక్క ఫొటో భీ సరిగా లేదు. పడవ మీద ఒక్కటి తీసి పెట్టు, మా నాన్న మా నాన్నలాగే ఉండాలి, బస్” అంది. నేను ముఖాల నుంచి పారిపోయి వచ్చానమ్మా అని ఎలా చెప్పను? తీరిగ్గా చూద్దాంలే అన్నాను. ఆవిడ తలుపు దగ్గర ఆగి గొంతు తగ్గించింది. “రోజూ ఒక్కడే వెళ్తాడు భయ్యా. గాలి లేచినప్పుడల్లా నా ప్రాణం నా దగ్గర ఉండదు. రేపు ఏదైనా అయితే గోడ మీద ఏం పెట్టుకోను, ఆ బ్యాంక్ మేనేజర్‌నా? ఆయనకి చెప్పకు.” సరే అన్నాను.

మొదటి ఉదయం నాదే తప్పు. పర్యాటకుడిలా ఏసీ గదిలో హాయిగా పడుకుని, కెమెరాని బల్లమీద పెట్టి, ఐదింటికి బయటికి తెచ్చాను. ఇక్కడ సూర్యుడికి తొందరెక్కువ, మార్చిలోనే ఐదున్నరకల్లా వెలుతురు వచ్చేస్తుంది. డైరీ ఫార్మ్ నుంచి జంగ్లీఘాట్ జెట్టీకి నడిచే దూరమే. తీరా అక్కడ లెన్సు మూత తీస్తే అద్దమంతా ఆవిరి. చల్లటి గదిలోంచి ఈ ఉక్కలోకి వస్తే అంతే. తుడిచినకొద్దీ మళ్ళీ పడుతుంది. దాదాపు ముప్పావుగంట అక్కడ పడిగాపులు పడ్డాను. ఈలోపు నూకరాజు గారు పడవ విప్పుకుని వెళ్ళిపోయాడు. మీరు వెళ్తే కెమెరాని సంచీలోనే మూసి ఉంచి, ఏసీ లేని చోట పెట్టుకోండి, లేదా ఓ గంట ముందే బయట పెట్టండి. నేను మాత్రం ఆ రోజు మిగతాదంతా పడుకున్నాను. మధ్యాహ్నం పులుసన్నానికి లేచాను, మళ్ళీ పడుకున్నాను.

రెండో ఉదయం ఆయనతో పాటు పడవెక్కాను. చేపల పడవల మీదికి పర్యాటకుల్ని మామూలుగా రానివ్వరు. సత్యవతి గారు జెట్టీ దగ్గర తెలిసినవాళ్ళతో మాట్లాడి, ఒడ్డు కనబడేంత దూరమే వెళ్ళేలా, నేను లైఫ్ జాకెట్ తీయకుండా ఉండేలా ఒప్పించింది. హార్బర్‌లో నేవీ ఓడలుంటాయి, అటువైపు కెమెరా తిప్పొద్దని కూడా ముందే చెప్పారు. పడవెక్కేటప్పుడు చెప్పులు విప్పించారు. ఇంజను టకటకమంటోంది. కెమెరా కదలకుండా ఉండాలని, కల్యాణమండపంలో స్తంభానికి ఆనుకునే అలవాటు కొద్దీ, మోచేతులు రెండూ పడవ అంచున గట్టిగా ఆనించి వందకు పైగా తీశాను. నల్లద్దాలు తీయమంటే, “ఎండ బాబూ, కల్లు మంటెత్తిపోతాయి” అన్నాడు. ఆ అద్దాల్లో ఆయన కళ్ళకి బదులు నేనూ, నా కెమెరా, నా నారింజ రంగు జాకెట్టూ కనబడుతున్నాం. తిరిగొచ్చేటప్పుడు ఎడమవైపు నుంచి ఇంకో పడవ దగ్గరగా వచ్చింది. ఈయన చూసుకోలేదు. అందులోవాడు “అరే చాచా, దేఖ్‌కే!” అని అరిచాకే తిప్పాడు. పెద్దవాడు, పరాకులో ఉన్నాడులే అనుకున్నాను.

మెస్‌లో కూర్చుని కెమెరా వెనక తెర మీద సత్యవతి గారికి చూపించాను. నాకే సిగ్గేసింది. ఇంజను వణుకంతా నా మోచేతుల్లోంచి కెమెరాలోకి ఎక్కి, బొమ్మలన్నీ అలికినట్టున్నాయి. దానికి తోడు వెలుతురు. వెనక మెరిసే సముద్రం ఉంటే ముఖం నల్లగా వస్తుందని నేను వెలుతురు పెంచాను. అదీ ఎంత? పెళ్ళిళ్ళలో పెంచినంత. మాకదో జబ్బు. పెళ్ళికొడుకు మేనమామ దగ్గర్నుంచి వంటమనిషి దాకా ఎవరూ ‘నల్లగా వచ్చాం’ అనకూడదని ముఖాలన్నీ ఒక మెట్టు తెల్లగానే తీస్తాం. ఆవిడ ఒక్కొక్కటీ చూసి, పూరీ పిండి చేతిని కొంగుకి తుడుచుకుంటూ, “నువ్వు భీ తెల్లగా చేసేశావు భయ్యా” అంది. కోపంగా కాదు, నీరసంగా. ఇరవై రెండేళ్ళ అనుభవం, ఇంత ఖరీదు లెన్సు, చివరికి ఆ స్టూడియోవాడికీ నాకూ తేడా లేకుండా పోయింది. పైకెళ్ళి ఫ్యాను కింద కూర్చుని, హేవ్‌లాక్ దీవికి వెళ్ళే ఓడకి కొన్న టికెట్టు వద్దని చెప్పేశాను. విహారం లేదు, పాడు లేదు. ఆ ఒక్క ముఖం సరిగ్గా తీసి ఇంటికి పోదామనిపించింది.

మూడో ఉదయం నాలుగున్నరకే లేచాను. కెమెరా రాత్రంతా వరండాలో సంచీలో ఉంది. ఆవిరి బాధ లేదు. జెట్టీలో టీ తాగుతూ నూకరాజు గారికి నిన్నటి సంగతి చెప్పుకున్నాను. ఆయన పడీ పడీ నవ్వాడు. “పడవనానుకుంటే పడవ వణికినట్టే నువ్వూ వణుకుతావు గదా బాబూ! నన్ను సూడు. మోకాల్లు ఒదులుగా ఎట్టు. దేనికీ ఆనుకోకు. పడవ దాని మానాన అది ఊగుద్ది, నడుం పైన నువ్వు ఊగవు.” పడవ నడిమధ్యన ఆయన చెప్పినట్టే నిలబడ్డాను. మొదట రెండుసార్లు పడబోయాను, మూడోసారి కుదిరింది. నిజమే, కాళ్ళు మాత్రమే ఊగుతున్నాయి, చేతులు నిలకడగా ఉన్నాయి. ఇంజను కూడా ఆపించాను. షట్టర్ సెకనులో వెయ్యో వంతుకి పెట్టాను. ఈ ఎండలో ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురు పట్టే జోరు, నాలుగు వందలు చాలు. ఫోకస్ బిందువు ఒక్కటే ఉంచుకున్నాను, కన్ను మీద పడేలా.

ఇక వెలుతురు. “బాబాయ్, మీ వెనక సముద్రం వద్దు, ఆ పచ్చకొండ రావాలి. పడవ తిప్పుతారా?” అన్నాను. “ఓస్, అంతేనా” అని తెడ్డుతో రెండు తోపులు తోశాడు. మెరుపంతా పక్కకి పోయింది. ఎండ ఆయన కుడిచెంప మీద ఏటవాలుగా పడింది. ఇప్పుడు కెమెరా ఇష్టానికి వదిలితే ఆ చీకటి కొండని చూసి మళ్ళీ తెల్లగా చేస్తుంది. అందుకని అన్నీ చేత్తోనే పెట్టుకుని, తీసి చూసుకుంటూ, ఆయన రంగు ఆయన రంగులా కనబడేదాకా తగ్గించుకుంటూ వచ్చాను. నల్లటి మనిషి, ఉప్పుగాలికి ఎండి రాగి మెరుపొచ్చిన నలుపు. ఎంత బాగుందో! ఇన్నేళ్ళూ ఇలాంటి రంగులన్నిటి మీదా సున్నం కొట్టానా అనిపించింది. మిగిలింది కళ్ళద్దాలు. అడిగితే మళ్ళీ అదే మాట, ఎండ. బతిమాలాను, వినలేదు. ఇంతలో పెద్ద ఓడ ఏదో పోయిందేమో, ఒక అల వచ్చి పడవకి కొట్టి ఆయన ముఖమంతా తడిపేసింది. అద్దాలు తీసి లుంగీకి తుడుచుకుంటూ, ఆ ఓడవాణ్ణి తిడదామని తలెత్తాడు. ఏడు ఫొటోలు తీశాను.

తెర మీద చూశాను. మూడోది అద్దంలా వచ్చింది. కనురెప్పల మీద నీటిచుక్కలు విడివిడిగా లెక్కపెట్టొచ్చు. అలసటంతా ఎగిరిపోయింది. ఫోకస్ సరిగ్గా పడిందో లేదో తేల్చుకోవడానికి కన్ను పెద్దది చేసి చూశాను. కుడికన్ను నల్లగా, అంచున ఎండ చుక్కతో బ్రహ్మాండంగా ఉంది. ఎడమకన్ను నడిమధ్యన తెల్లటి మచ్చ. ఆకాశం నీడ పడిందనుకున్నాను. ఛ, అనుకుని, ఇంటికెళ్ళాక కంప్యూటర్లో రెండు నిమిషాల పని, కుడికన్ను నలుపు తెచ్చి ఇక్కడ పెట్టేస్తే సరి అని కూడా అనుకున్నాను. మా వృత్తిలో చెయ్యి ముందు అటే పోతుంది. తరవాతి ఫొటో చూశాను, తల తిరిగి ఉంది, మచ్చ అక్కడే ఉంది. ఇంకోటి చూశాను, అదే. ఆకాశం నీడైతే తలతో పాటు మారాలి, రెండు కళ్ళలోనూ ఉండాలి. నిన్న ఎడమవైపు నుంచి వచ్చిన పడవ అప్పుడు గుర్తొచ్చింది. తలెత్తేసరికి ఆయన అద్దాలు పెట్టేసుకున్నాడు.

“బాబాయ్, ఎడమకన్ను కనబడుతోందా?”

తెడ్డు నీళ్ళలోంచి తీసి పడవలో పెట్టాడు. “పొగ్గా ఉంటాది బాబూ. రెండేల్లయింది. ముందు కొంచెంగా ఉండీది, ఇప్పుడు అటేపేటీ అగపడదు. మా గుంటకి సెప్పకు. తెలిస్తే రేపే పడవమ్మీమంటాది. పడవమ్మీసి ఆ మెస్సులో కూకోని ఉల్లిపాయలు కొయ్యమంటావేటి? ఆ బొమ్మ సెరిపీ. అద్దాలున్న బొమ్మే ఇయ్యి దానికి.” ఇంజను వేసి పడవని ఒడ్డువైపు తిప్పాడు. కూతురు ‘ఆయనకి చెప్పకు’ అంది. తండ్రి ‘ఆవిడకి చెప్పకు’ అన్నాడు. ముఖాలు వద్దని వచ్చినవాణ్ణి వాళ్ళిద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

ఇంటికొచ్చేసరికి ఎనిమిది. ఆయన పెరట్లో కుళాయి దగ్గరికి పోయాడు. మెస్‌లో రద్దీ తగ్గింది. సత్యవతి గారు ఎదురొచ్చి, “అయిందా భయ్యా?” అంది. అద్దాలున్నవి తెర మీదకి తెచ్చి ఇచ్చేస్తే అయిపోయేది. నా బొటనవేలు ఆ మీట మీదే ఉంది. కానీ రేపు మళ్ళీ తెల్లారకముందు ఆయన ఒక కన్నుతో ఒక్కడే వెళ్తాడు. మూడో ఫొటో పెట్టి కెమెరా చేతికిచ్చాను. చూడగానే ఆవిడ ముఖం విప్పారింది. “ఇదీ! ఇదీ మా నాన్న. దేఖో, ఎవర్నో తిట్టడానికి నోరు తెరిచాడు!” అని నవ్వి, కళ్ళనీళ్ళు తుడుచుకుంది. “ఆ మీట నొక్కమ్మా, పెద్దదవుతుంది” అన్నాను. నొక్కింది. నవ్వు ఆగింది. “ఈ తెల్లగా ఏమిటి భయ్యా? కెమెరా ఖరాబైందా?”

“కెమెరా బాగానే ఉందమ్మా.”

ఆవిడ కెమెరా నా చేతిలో పెట్టి, పొయ్యి కట్టేసి, పెరట్లోకి నడిచింది. “నాన్నా, ఇలా తిరుగు. అద్దాలు తియ్యి” అనడం వినబడింది. తరవాత కుళాయి కట్టేసిన చప్పుడైంది. ఆఖరికి ఆవిడ ఏడుపు వినబడింది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికొచ్చి, “సెప్పొద్దంటే సెప్పీసినావు గదా బాబూ” అన్నాడు. నేను నోటితో ఏమీ చెప్పలేదు బాబాయ్ అనబోయి, ఆ తెలివితేటలు నాకే నచ్చక ఊరుకున్నాను.

మర్నాడు మెస్ మూసేసి ఇద్దరూ ప్రభుత్వ ఆసుపత్రికి బయల్దేరారు. నాకు ఇంట్లో కాలు నిలవక నేనూ వెళ్ళాను. ఏడున్నరకే చీటీల దగ్గర వరస. ఆయన నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. డాక్టరమ్మ టార్చి వేసి చూసి, శుక్లం బాగా ముదిరింది, ఆపరేషన్ చేస్తే చూపొస్తుంది, ఇంకా ఆలస్యం చేస్తే కష్టమయ్యేది అని హిందీలో చెప్పింది. ఆయన ఒక్కటే అడిగాడు, “తర్వాత సముందర్ జా సక్తా?” కొన్ని వారాలు ఆగి వెళ్ళొచ్చంది. పెద్దాయన గుండెల్నిండా ఊపిరి పీల్చుకున్నాడు. సత్యవతి గారు కంట్లో వేసే చుక్కల మందు కోసం వెళ్ళింది. బల్ల మీద మేమిద్దరమే మిగిలాం.

“మా గుంట నా బొమ్మెందుకడిగిందో నాకు తెల్దనుకున్నావేటి?” అన్నాడు, ఎటో చూస్తూ. “దండెయ్యడానికే గదా.”

నేను తలొంచుకుని చేతిలో ఉన్న చీటీ మడతపెట్టాను.

“ఎయ్యనీ. సముద్రం మీదికెల్లేవోడి కూతురు ఆ మాత్రం ఆలోసిస్తాది, తప్పేటుంది? గానీ బాబూ, ఈ కన్నుతో నా బొమ్మ గోడకెక్కితే రోజూ దీపం ఎడతా దాన్నే సూస్తాది. ‘మా నాన్నకి కన్ను లేదు, బతికున్నప్పుడు నేను సూసుకోలేదు’ అని జీవితాంతం ఏడుస్తాది. అందుకే అద్దాలు తియ్యనన్నాను.”

ఆ రోజు సాయంత్రం నా ఫొటోలన్నీ ముందేసుకుని కూర్చున్నాను గానీ నా ధ్యాస వాటి మీద లేదు. నాలుగేళ్ళ కిందట ఒక పెళ్ళి ఆల్బమ్ చేస్తుంటే, పెళ్ళికూతురి ముంజేతి మీద నాలుగు వేళ్ళ కమిలిన గుర్తులు కనబడ్డాయి. గాజులకి పైన, చాలా స్పష్టంగా, అంత బాగా ఫోకస్ కుదిరిన ఫొటో అది. నేను చేసిందల్లా చక్కగా వాటిని తుడిచేయడమే. ఆల్బమ్ చూసి వాళ్ళంతా మెచ్చుకున్నారు. ఆ అమ్మాయిని ఒక్క మాట అడగాలని నాకు తట్టలేదు. ఆమె ఇప్పుడెక్కడుందో, ఎలా ఉందో నాకు తెలియదు. అలసిపోయాను అలసిపోయాను అని ఏడాదంతా అందరికీ చెప్పుకున్నాను. ముఖాలు చూసి అలసిపోలేదు నేను. చూడకుండా తీసి తీసి అలసిపోయాను.

మీకు నేను చెప్పగలిగింది ఒకటే. ఎవరి ముఖమైనా తీసినప్పుడు, వాళ్ళు ఇంకా మీ ఎదురుగా ఉండగానే, వెనక తెర మీద కన్ను దగ్గర పూర్తిగా పెద్దది చేసి చూసుకోండి. ఫోకస్ తప్పితే అక్కడికక్కడే ఇంకోటి తీసుకోవచ్చు. ఫోకస్ కుదిరి ఏదైనా మచ్చ కనబడితే, దాన్ని తుడిచే ముందు ఆ మనిషిని అడగండి.